ఎఫ్2 నిలిచినంతగా ఎఫ్3 నవ్వులు ఎందుకు నిలవలేదు?

ప్రశ్న (నల్లగొండ):
2019 సంక్రాంతికి వచ్చిన ఎఫ్2 సినిమా గురించి మా బంధువులు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. 2022 మే నెలలో వచ్చిన ఎఫ్3కి హాలులో అందరూ నవ్వినా, ఇంటికొచ్చాక ఆ ఊసే లేదు. దర్శకుడు అనిల్ రావిపూడే, కథానాయకులు వెంకటేశ్, వరుణ్ తేజ్‌లే కదా, మరి ఈ తేడా ఎందుకంటారు?

జవాబు (మిర్యాలగూడ):
అన్నగారూ, ఎఫ్2లో హాస్యం అల్లుళ్ళ అవస్థలోంచి పుట్టింది కాబట్టి, అత్తవారింటి మర్యాదలు తెలిసిన ప్రతి మనిషీ తనను అందులో చూసుకున్నాడు. ఎఫ్3కి మూలం డబ్బు యావ. వెంకటేశ్ పాత్రకు రేచీకటి, వరుణ్ తేజ్ పాత్రకు నత్తి పెట్టి, వాటిని దాచుకునే తిప్పల మీద చాలా సన్నివేశాలు నడిపారు. చీకటిలో తడుముకునే వెంకటేశ్ నటనకు నేను మనసారా నవ్వాను, ఆయన ఒంటిలోనే ఆ లయ ఉంది. అయితే ఆ నవ్వుకు ఆధారంగా ఒక బంధం లేకపోవడం వల్ల అది సన్నివేశంతోనే ముగిసిపోయింది.

జవాబు (మహబూబ్‌నగర్):
నత్తి ఉన్న పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని కనుక, ఆ భాగం నన్ను బాధపెట్టిందండీ. తడబాటునే హాస్యం చేస్తే తరగతిలో దాన్ని అనుకరించేవారు తప్పక ఉంటారు.

జవాబు (దేవరకొండ):
మేడమ్ మాటతో ఏకీభవిస్తాను. అయినా మా ఇంట్లో పిల్లలు, పెద్దలు కలిసి ఇబ్బంది పడకుండా కూర్చుని చూడగలిగిన చిత్రమది. ఆ గుణాన్ని తక్కువ చేయలేను.