గోవా రిసార్టులో పాయింట్లతో గది తీసుకుంటే అప్‌గ్రేడ్ ఇస్తారా? అమ్మానాన్నలతో వెళ్తున్నాం

మియాపూర్_శ్రావణి:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. పోయిన ఏడాదంతా ప్రాజెక్టు పని మీద పుణెలో హోటల్లోనే గడిచింది, సోమవారం తెల్లారకముందే ఫ్లైట్ ఎక్కడం, గురువారం రాత్రి ఇల్లు చేరడం. దాంతో మారియట్ హోటళ్ళ వాళ్ళ పాయింట్ల పథకం మారియట్ బాన్‌వాయ్‌లో 50 రాత్రులు దాటాయి, ప్లాటినం సభ్యత్వ స్థాయి వచ్చింది, ఖాతాలో 1,65,000 పాయింట్లు ఉన్నాయి. 50 దాటినందుకు ఏదో ఒకటి ఎంచుకోమంటే ఐదు నైట్లీ అప్‌గ్రేడ్ అవార్డులు తీసుకున్నాను, అంటే ఒక్కోదానితో ఒక రాత్రికి సూట్ లాంటి మెరుగైన గది అడగొచ్చట, అవి ఎలా వాడాలో మాత్రం ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

ఈ మధ్యే నాన్నకి షష్టిపూర్తి చేశాం. చుట్టాలందరూ వెళ్ళిపోయాక అమ్మ ఒకటే మాట అంది, ఒకసారి సముద్రం దగ్గర నాలుగు రోజులు ఉండాలని ఉందే అని. మాది సూర్యాపేట. అమ్మ సముద్రం చూసింది ఒక్కసారే, పెళ్ళయిన కొత్తలో మంగినపూడిలో, అదీ చీర తడిసిపోతోందని అరగంటలో వెనక్కి తీసుకొచ్చేశారట. అందుకే డిసెంబర్ 10 నుంచి 15 దాకా గోవా అనుకున్నాం. రెండు గదులు, ఒకటి వాళ్ళకి, ఒకటి నాకూ మా ఆయనకీ. నేను చూస్తున్న రిసార్టు రాత్రికి 38,000 పాయింట్లు చూపిస్తోంది, డబ్బులైతే 26,000, పైన పన్ను.

పాయింట్లతో వచ్చామంటే ఏ మూల గదో ఇస్తారా? ప్లాటినం అప్‌గ్రేడ్ రెండు గదులకీ వస్తుందా? అమ్మానాన్నలకి సీ వ్యూ సూట్ ఇప్పించాలని నా కోరిక. తిరుగు ఫ్లైట్ రాత్రి 8 తర్వాత, నాన్నకి మోకాళ్ళ నొప్పులు, సాయంత్రం 4 దాకా గది ఉంచుకోనిస్తారా లేదా అన్నది ఇంకో టెన్షన్.

పాయింట్ల_శీను:

శ్రావణి గారూ, ముందు లెక్క చూద్దాం. గది అద్దె 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, కాబట్టి 26,000 కాస్తా 30,680 అవుతుంది. 38,000 పాయింట్లతో పోలిస్తే పాయింటుకి 80 పైసలు. అయితే మారియట్‌లో వరసగా ఐదు రాత్రులు పాయింట్లతో తీసుకుంటే నాలుగు రాత్రులకే పాయింట్లు కోస్తారు. అంటే మీకు పోయేది 1,52,000 పాయింట్లు, మిగిలేది 1,53,400 రూపాయలు, పాయింటుకి రూపాయి పైమాటే. కాబట్టి మూడు రాత్రులు పాయింట్లు, రెండు రాత్రులు డబ్బులు అని ముక్కలు చేయొద్దు, ఐదో రాత్రి ఊరికే వదులుకున్నట్టు అవుతుంది.

2022 నుంచి వాళ్ళకి స్థిరమైన పాయింట్ల పట్టిక లేదు, గది రేటులాగే ఇదీ తేదీని బట్టి మారుతూ ఉంటుంది. ఒక వారం అటూ ఇటూ జరిపి చూడండి. ఐదింటిలో ఉచితంగా వచ్చేది అన్నిటికంటే తక్కువ పాయింట్లున్న రాత్రి, అది కూడా గుర్తుంచుకోండి.

రెండో గది డబ్బులతో తీసుకోండి, కానీ మారియట్ యాప్‌లోనే. ఏదో ట్రావెల్ సైటులో వెయ్యి తక్కువ వస్తోందని అక్కడ కొంటే పాయింట్లూ రావు, ప్లాటినం సౌకర్యాలు అడిగే హక్కూ ఉండదు. మీరూ అక్కడే ఉండి, బిల్లు మీరే కడితే మూడు గదుల దాకా ఖర్చుకి పాయింట్లు మీ ఖాతాలోనే పడతాయి.

ఒక హెచ్చరిక. మీ అప్‌గ్రేడ్ అవార్డులు పోయిన ఏడాదివి కాబట్టి ఈ డిసెంబర్ 31తో వాటి గడువు అయిపోతుంది. ఐదు రాత్రుల బసకి ఐదూ పెట్టాలి, రెండు రాత్రులకి మాత్రమే పెడతానంటే కుదరదు. సూట్ ఖాయం కాకపోతే తిరిగి ఖాతాలోకి వచ్చేస్తాయి. పాయింట్లతో బుక్ చేసిన గదికి కూడా ఇవి పనికొస్తాయి.

ఫ్రంట్‌డెస్క్_మాజీ:

తొమ్మిదేళ్ళు రిసార్టుల్లో రిసెప్షన్‌లో పనిచేశాను, అందులో ఐదేళ్ళు గోవాలోనే. ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. మీ పోస్టు చూసి రాయకుండా ఉండలేకపోయాను.

పాయింట్లతో వచ్చినవాళ్ళని ఎవరూ తక్కువగా చూడరమ్మా. ఆ రాత్రికి మారియట్ కంపెనీ హోటల్‌కి ఎంతో కొంత కడుతుంది, రిసెప్షన్‌లో ఉన్నవాడికి ఆ తేడా పట్టదు కూడా. పొద్దున 8, 9 గంటలకి డ్యూటీ మేనేజర్ అరైవల్స్ లిస్టు ముందు పెట్టుకుని ఏ గది ఎవరికని బ్లాక్ చేసుకుంటూ పోతాడు. అందులో పేరు పక్కన మెంబర్‌షిప్ స్థాయి, ఎన్ని రాత్రులు, కింద కామెంట్లు ఉంటాయి. ఒక్క రాత్రికి వచ్చే ప్లాటినంకి సూట్ సులువుగా దొరుకుతుంది. ఐదు రాత్రులకి వచ్చే ప్లాటినంకి కష్టం, ఎందుకంటే ఆ సూట్ ఐదు రోజులూ ఖాళీగా ఉండాలి, మధ్యలో ఒక్క శనివారం అమ్ముడైపోయినా మీ పేరు పక్కకి పోతుంది. మీరు 3 గంటలకి కౌంటర్ దగ్గర నిలబడి ఎంత మర్యాదగా అడిగినా అప్పటికే గదులు పంచేసి ఉంటారు.

ఇక తేదీలు. డిసెంబర్ మొదటి సగంలో ముహూర్తాలు ఉంటే గోవాలో సూట్లన్నీ పెళ్ళివాళ్ళవే, ఆరు నెలల ముందే తీసేసుకుంటారు. 16 ప్రాంతంలో మనకి ధనుర్మాసం వస్తుంది, ఉత్తరాదివాళ్ళకీ అప్పుడే ఖర్మాస్, పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. క్రిస్మస్ జనం 21, 22 నుంచి దిగుతారు. ఆ మధ్య ఉన్న నాలుగైదు రోజులే మా స్టాఫ్‌కి కాస్త ఊపిరాడేది. ఆఫీసులో సెలవు కుదిరితే 15 నుంచి 20కి జరపండి, రేటు కూడా తగ్గే అవకాశం ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. సూట్ మీద పట్టుబట్టకండి. ఒకసారి ఒకాయన మీలాగే ఎంతో ప్రేమగా తల్లిదండ్రులకి సూట్ అడిగి ఇప్పించుకున్నాడు, మేమూ సంతోషంగా ఇచ్చాం. అది రెండంతస్తుల సూట్, కింద హాలు, మంచమూ బాత్రూమూ పైన. మర్నాడు పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళ్ళిన కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చి చెప్తే వెళ్ళి చూశాను. పెద్దాయన కింద హాల్లో సోఫా మీద ముడుచుకుని పడుకున్నారు, దిండు కూడా లేదు, చెయ్యి తలకింద పెట్టుకున్నారు. రాత్రి ఒకసారి మెట్లు దిగి మళ్ళీ ఎక్కలేకపోయారు, కొడుకు ఇంత ఖర్చు పెట్టి తీసుకొచ్చాడు కదా అని ఎవరికీ ఫోన్ చేయలేదు. మధ్యాహ్నానికల్లా కింది అంతస్తులో మామూలు గదికి మార్చాం. ఆయన భార్య వెనక తలుపు తీసుకుని గడ్డి మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మాకు ఇది చాలు బాబూ అన్నారు.

అందుకని బయల్దేరడానికి వారం ముందు రిసార్టుకే మెయిల్ పెట్టండి. అప్‌గ్రేడ్ కావాలని కాకుండా అవసరం ఏమిటో రాయండి. మోకాళ్ళ నొప్పులు, గ్రౌండ్ ఫ్లోర్ కావాలి, బాత్ టబ్ కాకుండా నిలబడి స్నానం చేసే షవర్ కావాలి, భోజనాల హాలుకి దగ్గర ఉండాలి. వెళ్ళే ముందురోజు 11 గంటలకి ఫోన్ చేసి మళ్ళీ గుర్తు చేయండి, అప్పుడు చెక్ అవుట్‌ల రద్దీ కాస్త తగ్గుతుంది, ఫోన్ ఎత్తినవాడు మీ మాట వింటాడు. అవార్డులతో సూట్ అడిగేటప్పుడు ఏయే రకాలు మీకు సమ్మతమో యాప్ టిక్ పెట్టమంటుంది, మెట్లున్నవీ దూరంగా ఉన్న విల్లాలూ తీసేయండి. ఇంకోటి, పార్షియల్ సీ వ్యూ అని రాసి ఉంటే బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే కొబ్బరిచెట్ల సందులో నీళ్ళు కనిపిస్తాయి, దానికి ఎక్కువ డబ్బులు పెట్టకండి.

డల్లాస్_అక్క:

రెండు గదుల విషయం నేను చెప్తాను, నాకు అనుభవమైంది. అప్‌గ్రేడ్ సభ్యురాలు ఉండే ఒక్క గదికే. రెండేళ్ళ కింద మా అత్తగారు మామగారు గోవా వెళ్తుంటే ఇక్కడి నుంచి నా పాయింట్లతో గది బుక్ చేసి, నా స్టేటస్ చూసి బాగా చూసుకుంటారులే అనుకున్నాను. నేను అక్కడ లేను కాబట్టి టిఫిన్‌కి కూడా రోజూ బిల్లు వేశారు. రిసార్టువాళ్ళ తప్పు కాదు, నియమమే అది, కానీ మామగారు ఆ డబ్బులు కట్టి ఆ సంగతి నాకు నెల తర్వాత చెప్పారు, చాలా బాధేసింది. మీరు అక్కడే ఉంటారు కాబట్టి రెండు గదులూ మీ పేరు మీదే తీసుకోండి, మీకు వచ్చిన మంచి గది అమ్మానాన్నలకి ఇచ్చి మీరు రెండోదాంట్లో ఉంటామని ముందే చెప్పండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

రిసార్టుల్లో ప్లాటినం వాళ్ళు వెల్‌కం గిఫ్ట్ కింద పాయింట్లకి బదులు బ్రేక్‌ఫాస్ట్ ఎంచుకోవచ్చు, అది సభ్యురాలికీ తోడున్న ఇంకొకరికీ. మిగతా ఇద్దరికీ ఎంతో ముందే అడగండి. డబ్బులతో తీసుకునే గదికి బ్రేక్‌ఫాస్ట్ కలిసిన రేటు చూడండి, అదే తేలిక.

4 గంటల చెక్ అవుట్ సిటీ హోటళ్ళలో ప్లాటినంకి హక్కు, రిసార్టుల్లో మాత్రం ఖాళీ ఉంటేనే. దాని మీద ఆశ పెట్టుకుని ప్లాన్ చేయకండి.

ఎంవీపీకాలనీ_వాసు:

అమ్మగారికి సముద్రం చూపించాలంటే గోవానే ఎందుకండీ, మా వైజాగ్ రండి. భాష మనదే, భోజనం మనదే, రాత్రి రైలెక్కితే పొద్దునకి ఇక్కడ. ఆర్కే బీచ్ ఎదురుగా నోవోటెల్ ఉంది, అది అకార్ అనే వేరే హోటల్ కంపెనీ వాళ్ళది, అక్కడ వాళ్ళ 2,000 పాయింట్లకి 40 యూరోలు తగ్గిస్తారు, ఏ తేదీ అయినా అదే లెక్క. ఆర్కే బీచ్‌లో లోపలికి దిగి స్నానం చేయడం మాత్రం వద్దు, లాగేస్తుంది, ఒడ్డున కూర్చోవడానికి బాగుంటుంది.

మియాపూర్_శ్రావణి:

వాసు గారూ, వైజాగ్ తప్పకుండా వస్తాం, కానీ నా పాయింట్లన్నీ మారియట్‌లోనే ఇరుక్కున్నాయి. ఫ్రంట్‌డెస్క్ గారూ, మీరు చెప్పిన ఆ సోఫా మాట చదివాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా నాన్న కూడా అచ్చం అంతే, నొప్పి ఉన్నా చెప్పరు. నేను టిక్ పెట్టిన రకాల్లో రెండంతస్తులది ఉంది, ఇప్పుడే తీసేశాను. 15 నుంచి 20కి జరిపి చూస్తే 33,000 పాయింట్లు వచ్చింది, మొత్తం 1,32,000, బుక్ చేసేశాను. సెలవు కోసం మేనేజర్‌తో మాట్లాడాలి. 4 గంటల సంగతి ఇంకేదైనా దారి ఉందా?

ఫ్రంట్‌డెస్క్_మాజీ:

మంచి పని చేశారు. గది పొడిగించకపోతే రెండు అడగండి. ఒకటి, మీ రెండు గదుల్లో ఒక్కదాన్ని 4 దాకా ఉంచుతారా అని, రెండూ అడిగితే కాదంటారు, ఒక్కటైతే చాలాసార్లు సరేనంటారు. రెండు, స్పా దగ్గర స్నానాల గది వాడుకోవచ్చా అని. ఏ ఎయిర్‌పోర్టో కూడా సరిచూసుకోండి, 2023లో మోపా మొదలైనప్పటి నుంచి గోవాకి రెండున్నాయి. ఉత్తరాన ఉంటే మోపా, దక్షిణాన ఉంటే దబోలిం. తప్పు ఎయిర్‌పోర్టుకి టికెట్ కొంటే మోకాళ్ళ నొప్పులున్న మనిషిని కారులో గంటలకొద్దీ కూర్చోబెట్టాల్సి వస్తుంది.

మియాపూర్_శ్రావణి:

నిన్న రాత్రే వచ్చాం, అందరికీ చెప్పాలని కూర్చున్నాను. అవార్డులతో సూట్ రాలేదు, వెళ్ళే ముందురోజు మధ్యాహ్నం కుదరలేదని మెసేజ్ వచ్చింది. అవి తిరిగి ఖాతాలోకి వచ్చాయి కానీ 31 లోపు వాడే పని లేదు, పోతాయి. అదే రోజు 11 గంటలకి ఫోన్ చేశాను, మెయిల్ చదివామని, గ్రౌండ్ ఫ్లోర్‌లో సముద్రం వైపు గది పెట్టామని ఫోన్ ఎత్తిన అమ్మాయే ముందుగా చెప్పింది. మామూలు గదికంటే రెండు రకాలు మెరుగైనది, సూట్ కాదు. వెనక తలుపు తీస్తే గడ్డి, గడ్డి దాటితే ఇసుక. నాన్న రోజూ పొద్దున ఎవరినీ లేపకుండా తలుపు తీసుకుని వెళ్ళి కుర్చీలో కూర్చునేవారు. ఆయన చెప్పులు గుమ్మం దగ్గరే ఉండేవి, ఐదు రోజులూ వట్టి కాళ్ళతోనే తిరిగారు.

అమ్మ మొదటి రోజు కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఒడ్డునే నిలబడింది. మూడో రోజుకి నీళ్ళలోనే కూర్చుంది, కెరటం వచ్చినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకుని. గంటన్నర కూర్చుంది, మేమెవ్వరం లేవమనలేదు.

చెక్ అవుట్‌కి ఒక గది 3 దాకా ఇచ్చారు, తర్వాత స్పా దగ్గర స్నానాలు చేసి బయల్దేరాం. బ్రేక్‌ఫాస్ట్‌కి నలుగురిలో ఎవరికీ బిల్లు వేయలేదు, రెండో గది రేటులో కలిపి తీసుకోమన్న అక్కకి థాంక్స్. శీను గారూ, ఇంకా 33,000 పాయింట్లు మిగిలాయి, డబ్బులు కట్టిన గదివి ఇంకా పడలేదు. వారం చూసి రాకపోతే బిల్లు పెట్టి అడుగుతాను.