రెండు ఇంటర్నెట్ లైన్లు ఉన్నా ప్లాంటు ఆగిపోయింది, ఏం చేయాలి?

ప్రశ్న:
మాది మందుల ముడిసరుకు తయారుచేసే చిన్న కంపెనీ. ఒక యూనిట్ జీడిమెట్లలో, రెండోది అచ్యుతాపురంలో. స్టాకు, బిల్లింగు చూసే సాఫ్ట్‌వేర్ అంతా హైదరాబాదులోని అమెజాన్ క్లౌడ్‌కు మార్చాం. తుపాన్ల భయంతో అచ్యుతాపురంలో రెండు కంపెనీల ఫైబర్ తీసుకున్నాం. అయినా పోయిన వారం రెండూ ఒకేసారి పోయాయి. ఇన్‌వాయిస్ రాక మధ్యాహ్నం దాకా లారీలు గేటు దగ్గరే నిలిచాయి. సర్వర్‌ను మళ్లీ ప్లాంటులోనే పెట్టేద్దామని మా యజమాని పట్టుబడుతున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు:
సర్వర్ సంగతి తర్వాత. ముందు గేటు దాటి వెళ్లి రెండు తీగలూ ఎటు నుంచి వస్తున్నాయో కళ్లారా చూడండి. బిల్లులు రెండు వస్తున్నా చివరి కిలోమీటరు ఒకే గొట్టంలో నడవడం మామూలే. రోడ్డు పనికి జేసీబీ దిగితే రెండూ ఒక్క దెబ్బకే తెగుతాయి. ఒక కంపెనీ రెండోదాని ఫైబర్‌నే అద్దెకు తీసుకుని ఉండవచ్చు కూడా. లైను ఏ దారిన వస్తుందో రాసి ఇమ్మని అడగండి, సేల్స్‌వారి నోటిమాట చాలదు.

ఇక సర్వర్ అక్కడికి తెస్తే, ఇదే తీగ తెగిన రోజున జీడిమెట్లవారి పని ఆగుతుంది. బాధ ఊరు మారుతుంది, అంతే.

అడిగినవారు:
మీరన్నది నిజమేనండీ. కల్వర్టు దగ్గర రెండూ ఒకే గొట్టంలో ఉన్నాయి. ఇంకొక సందేహం: అంతకుముందు ఒక్క లైనే పోయినప్పుడు కూడా రూటర్ రెండోదానికి మారలేదు. ఎందుకు?

జవాబు:
మీ రూటర్ పక్కనున్న ఫైబర్ పెట్టెను మాత్రమే చూస్తూ ఉండి ఉంటుంది. ఆ పెట్టెలో పచ్చ దీపం వెలుగుతున్నంత సేపు, అవతల దారి తెగినా లైను బాగుందనే అనుకుంటుంది. క్లౌడ్‌లోని మీ సర్వర్ చిరునామాకు వీపీఎన్ (ప్లాంటునూ క్లౌడ్‌నూ కలిపే రహస్య దారి) లోపలి నుంచే కొన్ని సెకన్లకోసారి పింగ్, అంటే ‘ఉన్నావా’ అని అడిగే చిన్న సందేశం, వెళ్లేలా పెట్టండి. జవాబు రాకపోతే లైను మారాలి.

రెండో ఫైబర్ తీసేసి 4జీ లేదా 5జీ సిమ్ రూటర్ పెట్టుకోండి. సిమ్‌కు సాధారణంగా సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల చిరునామా) ఉండదు కాబట్టి వీపీఎన్‌ను ప్లాంటు వైపు నుంచే మొదలుపెట్టాలి. సిమ్ మీద సీసీ కెమెరాల వీడియో వెళ్లకుండా ఆపండి, లేకపోతే బిల్లింగుకు దారి మిగలదు.

మరొకరు:
సిమ్‌కు మారాక లాగిన్ అవుతుంది కానీ ఇన్‌వాయిస్ తెరుచుకోకుండా తిరుగుతూనే ఉంటే కంగారు పడకండి. వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌కూ (డేటా ముక్కకూ) తన హెడర్లు, అంటే చిరునామా చీటీల్లాంటివి, కలపడంతో 1500 బైట్ల ప్యాకెట్ పట్టదు. చిన్నవి వెళ్తాయి, పెద్దవి దారిలో పోతాయి. రూటర్‌లో టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితి) 1360కి, చాలకపోతే ఇంకాస్త కిందికి తగ్గించి చూడండి.

ఇంకొకటి. డేటా హైదరాబాదులో ఉన్నంత మాత్రాన అన్నీ ఇక్కడే ఉన్నట్టు కాదు. సాఫ్ట్‌వేర్ లాగిన్ ఏ దేశపు సర్వర్ మీద నడుస్తుందో అమ్మినవారిని అడగండి. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు, అక్టోబరు 20న అమెరికాలోని అమెజాన్ వర్జీనియా కేంద్రం పడిపోయినప్పుడు ఇలాంటి చిక్కుముడులు చాలామందికి తెలిసొచ్చాయి.

అడిగినవారు:
తుపానుకు టవర్లు కూడా పడిపోతే? హుద్‌హుద్ అప్పుడు విశాఖలో ఫోన్లే మూగబోయాయి కదా.

జవాబు:
అప్పుడు ఏ లైనూ ఆదుకోదు. అందుకే రియాక్టర్ ఉష్ణోగ్రత, వాల్వులు చూసే పీఎల్‌సీలు (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్లు) క్లౌడ్ మాట కోసం ఎదురుచూడకూడదు. ఆ నియంత్రణంతా ప్లాంటులోనే ఉండాలి. రీడింగులు ఒక చిన్న కంప్యూటర్‌లో నిల్వ ఉండి, లైను వచ్చాక సమయంతో సహా పైకి వెళ్లాలి. సిమ్ రూటర్‌కూ ఆ కంప్యూటర్‌కూ యూపీఎస్ మరవకండి.

అంతా అమర్చాక లోడింగ్ లేని పూట ఫైబర్ తీగ పీకి, బిల్లింగు వారితోనే ఒక ఇన్‌వాయిస్ కొట్టించండి. తీగ తిరిగి పెట్టాక లైను దానంతట అదే వెనక్కి వస్తుందో లేదో కూడా చూడండి, చాలా రూటర్లు అక్కడే మొరాయిస్తాయి.