అప్‌డేట్: టీచరు ఉద్యోగం వదిలేందుకు రాసిన రెజ్యూమె

పర్లాకిమిడిలో ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాను, వేరే రంగానికి రెజ్యూమె ఎలా రాయాలని ఇంతకుముందు అడిగాను కదా. సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. స్వయం సహాయక సంఘాలకు శిక్షణ ఇచ్చే సంస్థలో సమన్వయకర్తగా తీసుకున్నారు.

బాగా పనిచేసింది భాషల వరుస. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లిషు మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో ఎవరికైనా వచ్చేవేగా అని చివర పడేసేదాన్ని. మీరు చెప్పినట్టు పైకి తెచ్చాను. ఇంటర్వ్యూలో సగం ప్రశ్నలు ఒడియాలో, సగం తెలుగులో అడిగారు. గజపతి, రాయగడలతో పాటు శ్రీకాకుళం జిల్లాలోనూ తిరగాలట మరి!

"పదో తరగతికి బోధన" అన్న ఒక్క ముక్కను విడదీసి రాశాను: టైమ్‌టేబుల్ వేయడం, తల్లిదండ్రుల సమావేశాలు నడపడం, కొత్త టీచర్లకు తర్ఫీదు, ఏటా యూ-డైస్ పోర్టల్‌లో (బడుల వివరాలు సేకరించే ప్రభుత్వ వెబ్‌సైటు) బడి వివరాల నమోదు. చివరిదాని గురించే ఎక్కువసేపు అడిగారు. బీఎడ్ కిందికి వెళ్లింది. రెండు నిలువు వరుసల రంగుల నమూనా మానేశాను. దరఖాస్తులను చదివే సాఫ్ట్‌వేర్ అలాంటి నమూనాలను కలగాపులగం చేయవచ్చన్నారు కదా.

ఫొటో, తండ్రి పేరు, వివాహ వివరాలు తీసేస్తే మామగారు మాత్రం "ఇదేం బయోడేటా అమ్మా, ఎవరి పిల్లవో తెలియదు" అన్నారు.

జీతం కాస్తే ఎక్కువ, తిరుగుడు చాలా ఎక్కువ. అనుభవ ధ్రువపత్రం ఇవ్వడానికి బడివాళ్లు నాన్చుతున్నారు. అది రాగానే చేరతాను.