నులినొప్పా, మెలినొప్పా?

పాతకేసుషీటు: మా గురువుగారు శస్త్రచికిత్స వార్డులో మంచం పక్కన నిలబడి చెప్పిన వాక్యం ఒకటి ఇన్నేళ్ళుగా నా చెవిలో ఒక అక్షరం తక్కువగా మిగిలిపోయింది. “పొరనొప్పి మనిషిని కదలనివ్వదు, -లినొప్పి కుదురుగా ఉండనివ్వదు” అన్నారు. ఆ పోయిన అక్షరం ‘ను’ అయి ఉండాలా, ‘మె’ అయి ఉండాలా? భావంలో నాకు సందేహం లేదు. పేగులను కప్పిన పొర వాచినవాడు దగ్గడానికి కూడా భయపడి కాళ్ళు ముడుచుకుని పడుకుంటాడు; మూత్రనాళంలో రాయి అడ్డుపడినవాడు లేస్తాడు, కూర్చుంటాడు, పొర్లుతాడు. విద్యార్థులకు ఈ మాటనే అప్పగించాలనుకుంటున్నాను కనుక అక్షరం సరిగ్గా ఉండాలి.

నులకమంచం: ‘ను’ తప్ప మరొకటి కావడానికి వీలు లేదండీ. మెలిపెట్టడానికి బయటినుంచి ఒక చేయి కావాలి, చెవి మెలిపెట్టినట్టు. నులియడం తనంతట తాను జరిగేది. అడ్డం వచ్చినచోట పేగు తనలో తానే బిగిసి, వదిలి, మళ్ళీ బిగుస్తుంది. నులిపురుగులకు ఆ పేరు వచ్చింది కూడా అవి పుట్టించే ఈ నొప్పి వల్లనే.

యతిభంగం: తీర్పు సరైనదే గాని కారణం తప్పు. నులిపురుగు పేరు నొప్పిని బట్టి వచ్చింది కాదు, పేనిన దారంలాంటి రూపాన్ని బట్టి వచ్చింది. తమరు పెట్టుకున్న పేరులోని నులకే అందుకు సాక్ష్యం. అసలు కారణం చెవికి సంబంధించినది. ‘ను’కూ ‘నొ’కూ యతిమైత్రి ఉంది, ‘మె’కూ ‘నొ’కూ లేదు. చెవి ఉన్న గురువు ‘మెలినొప్పి’ అనడు.

మెలికలవాగు: వార్డులో చెప్పిన వచనానికి యతి ఎక్కడిదండీ? పైగా ‘నులి’ అనగానే ‘నులుము’ అడ్డువస్తుంది. గొంతు నులమడంలో ఉన్నది నొక్కుడే గాని మెలిక కాదు. రోగి “నులిమినట్టుంది” అంటే పిండినట్టా, పేనినట్టా? ‘మెలి’కి ఆ చిక్కు లేదు.

శూలపాణి: ఇద్దరూ దేశ్యాల కోసం కొట్టుకుంటున్నారు గాని, ఆయుర్వేదశాస్త్రంలో ఉన్నది ‘శూల’ కదా. మేకు దిగగొట్టినట్టు బాధిస్తుంది కనుక శూల అని సుశ్రుతమే వ్యుత్పత్తి చెప్పింది. తిన్నది అరిగే వేళకు వచ్చేదాన్ని పరిణామశూల అని మాధవనిదానం విడిగా పేర్కొంది. నొప్పికీ భోజనానికీ సంబంధం ఏమిటని నేటికీ అడుగుతున్నామంటే, ఆ ప్రశ్న ఆ పేరులోనే ఉంది.

మెలికలవాగు: పరిణామశూల అందమైన మాటే, ఒప్పుకుంటాను. కానీ మేకు దిగినట్టుండేదీ, అలలా వచ్చిపోయేదీ రెండూ శూలే అయితే ఆ మాట వైద్యుడికి ఏం చెప్పినట్టు?

యతిభంగం: చెప్పుకోవడం అంటే గుర్తొచ్చింది. పోతనగారి గజేంద్రుడు “లావొక్కింతయు లేదు” అంటూ బలం పోయిందన్నాడు, ధైర్యం సడలిందన్నాడు, మూర్ఛ వచ్చిందన్నాడు, ఒళ్ళు అలసిందన్నాడు. ఆ పద్యమంతా వెతికినా మొసలి పట్టిన కాలి ఊసు లేదు, నొప్పి అన్న మాటే లేదు. అంత తీవ్రమైన స్థితిలో రోగి చోటు చెప్పడు, స్థితి చెబుతాడు. పోతన ఎంత గమనించాడో చూడండి.

నులకమంచం: గమనించినది తమరు. పోతన రాసింది శరణాగతి. పద్యమే కావాలంటే, కడుపునొప్పుల నిర్ధారణ మీద 1921లో ప్రామాణిక గ్రంథం రాసిన జకరీ కోప్ తరువాత ఆ విషయాన్నే ‘జీటా’ అనే మారుపేరుతో పద్యాల్లో పెట్టాడు. మనకు ఒక్క సీసం కూడా లేదు.

పాతకేసుషీటు: సీసం తరువాత చూద్దాం. ఈ రెండు నొప్పులూ ఒకే రోగిలో ఒకదాని వెనుక ఒకటి రావచ్చునని కూడా గురువుగారు అనేవారు. అపెండిసైటిస్‌లో నొప్పి తరచుగా బొడ్డు చుట్టూ మొదలవుతుంది, అప్పుడు రోగి అరచేయి మొత్తం పొట్టమీద తిప్పుతాడు. కొన్ని గంటలకు వాపు పొరను తాకాక అది కుడివైపు పొత్తికడుపులోకి దిగుతుంది. అప్పుడు ఒక్క వేలితోనే చూపిస్తాడు. 1889లో శస్త్రవైద్యుడు మెక్‌బర్నీ చెప్పిన చోటు, తుంటి ఎముక ముందుకొన నుంచి బొడ్డుకు గీసిన గీతలో మూడోవంతు దూరాన. అందుకే “ఎక్కడ నొప్పి” అని మాత్రమే అడిగితే చాలదు, “ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పోయింది” అని అడగాలి.

ఇక మాట సంగతి. ఒకావిడను “మెలిపెట్టినట్టుందా అమ్మా” అని అడిగితే ఔనంది. “పొడిచినట్టుందా” అంటే ఔనంది, “మంటగా ఉందా” అంటే దానికీ ఔనంది. మూడు మాటలూ నావే, ఆవిడది ఒక్కటీ లేదని తెలిసి సిగ్గుపడ్డాను. ఇక నోరు మూసుకుని కూర్చుంటే, కాసేపటికి ఆవిడే పిడికిలి బిగించి వదిలి, మళ్ళీ బిగించి వదిలి చూపించింది. వదిలినప్పుడు నొప్పి పూర్తిగా పోతోందా అంటే పోతోందంది.

యతిభంగం: పిడికిలి బిగించడమంటే పిండడమే. అంటే నులుము. అంటే ‘ను’. చర్చ ముగిసింది.

మెలికలవాగు: ముగియలేదండీ. పిడికిలితోపాటు మణికట్టు కూడా తిరిగితే అది మెలి. వైద్యులవారూ, తిరిగిందా?

పాతకేసుషీటు: చూడలేదండీ. అప్పటికి నా కళ్ళు ఆవిడ పొట్టమీద ఉన్నాయి.