ఒకటి ముగించాక ఇంకొకటా, నాలుగూ ఒకేసారా?

పెన్నాగట్టు (నెల్లూరు): ఈ మధ్య ఎవరిని ఏం చదువుతున్నారని అడిగినా నాలుగు పేర్లు చెబుతున్నారు. ఏదైనా ముగించారా అంటే నవ్వుతారు. నేను ఒకటి పట్టుకుంటే చివరి పేజీ దాకా ఇంకోటి ముట్టను. నవల్లో మనుషులతో పది రోజులు కలిసి ఉంటే గానీ వాళ్లు మనకు పట్టుబడరు. నాలుగిళ్లలో నాలుగు ముద్దలు తిని వచ్చినవాడికి ఏ ఇంటి వంట గుర్తుంటుంది? మీరేమంటారు?

ఒంగోలుకుర్రాడు: మాస్టారూ, నేను ఆ నాలుగు ముద్దల బాపతే. పొద్దున చరిత్ర, రాత్రి నవల, మధ్యలో ఎప్పుడైనా ఒక కథ. నవల విసుగొస్తే చరిత్ర తీస్తాను. అది చేతికి అందకపోతే ఫోన్ తీస్తాను, ఇక ఆ రాత్రి చదువు అయిపోయినట్టే. పైగా ఆగి ఆగి చదివితేనే బుర్రలో నిలుస్తుంది. 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన లెక్కకట్టి చూపించాడు. ఒకే రోజు 68 సార్లు వల్లిస్తే వచ్చిన ఫలితం, మూడు రోజుల మీద పంచితే 38 సార్లకే వచ్చింది. మన చేపల పులుసు మర్నాటికే కదా బాగుండేది!

పెన్నాగట్టు: ఆయన వల్లించింది అర్థం లేని అక్షరాల ముక్కలు. దాన్ని తెచ్చి నవలకు అంటగట్టకండి. ఇక పులుసు. మర్నాటికి బాగుండాలంటే ముందురోజు అది పూర్తిగా ఉడకాలి. మీరు నాలుగు గిన్నెలు సగం ఉడకబెట్టి దించేసి రుచి చూడమంటున్నారు.

చేపలబజారు: మామిడికాయ వేసిందా, వెయ్యనిదా?

పెన్నాగట్టు: మామిడికాయ వెయ్యనిది పులుసే కాదు. చర్చకు రండి.

గూడూరునిమ్మ: నెల్లూరులో కూర్చుని తిక్కనను వదిలేసి జర్మనీ దాకా వెళ్లారే! నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. తిక్కన ఆ మిగిలిన భాగం ముట్టకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని 15 పర్వాలు రాశాడు. మధ్యలో వదిలితే కొంపేమీ మునగలేదు.

పెన్నాగట్టు: మునగలేదా? ఆ మిగిలింది పూర్తి చెయ్యడానికి తర్వాత ఎర్రన రావలసి వచ్చింది. మీరు వదిలేసిన పుస్తకాలకు ఎవరొస్తారు?

ఒంగోలుకుర్రాడు: ఎర్రన మావాడు. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువులో కవి. వదిలేసేది నెల్లూరు, పూర్తి చేసేది ప్రకాశం అని రాసుకోండి.

గూడూరునిమ్మ: అద్దంకిని 2022లో బాపట్ల జిల్లాలో కలిపారు కదా అన్నా.

ఒంగోలుకుర్రాడు: ఎర్రనను కలపలేదులే.

కావలిప్యాసింజర్: నేను రోజూ కావలి నుంచి నెల్లూరుకు రైల్లో ఉద్యోగానికి వస్తాను. సంచిలో సన్నటి కథల పుస్తకం ఉంటుంది. నిలబడి ఒంటిచేత్తో పట్టుకోవాలి కాబట్టి సన్నదే కావాలి. బిట్రగుంట దాటేసరికి ఒక కథ అవుతుంది, సీటు దొరికితే రెండు. లావు నవల వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఉంటుంది, కుక్కర్ మూడో విజిల్ దాకా దాని టైము. దాని అట్ట మీద పసుపు వేలిముద్రలే. మూడోది పిల్లాడి మంచం దగ్గర. ఇది పద్ధతీ కాదు పాడూ కాదు, ఎక్కడున్నది అక్కడ చదువుకోవడం. ఒకే పుస్తకంతో పది రోజులు ఉండాలంటే మధ్యాహ్నం రెండు గంటలు మనల్ని ఎవరూ పిలవకూడదు. మాస్టారూ, మీరు చదువుకునేటప్పుడు ఇంట్లో టీ ఎవరు పెడతారు?

పెన్నాగట్టు: టీ సంగతి ఇక్కడెందుకమ్మా? నేను మిమ్మల్ని అన్నానా? అయిదు పుస్తకాలు మంచం మీద పరిచి ఫొటోలు పెట్టేవాళ్లను అన్నాను.

ఒంగోలుకుర్రాడు: లేదు మాస్టారూ, "ఎవరిని అడిగినా" అన్నారు. పైకెళ్లి చూసుకోండి.

పెన్నాగట్టు: సరే, చెప్తాను వినండి. మా స్కూల్లోనే పనిచేసిన ఒకాయన నా దగ్గర రెండు భాగాల నవలలో మొదటి భాగం తీసుకున్నాడు. ఎప్పుడడిగినా "నాలుగు నడుస్తున్నాయి, మీది వరసలో ఉంది" అనేవాడు. మూడేళ్లు! తిరిగొచ్చినప్పుడు 42వ పేజీలో ఆత్మకూరు బస్సు టికెట్ ఉంది. ఆ మూడేళ్లూ రెండో భాగం అలమరలో పడి ఉంది. మొదటిది లేకుండా దాన్ని ఎవరికిచ్చేది?

చేపలబజారు: టికెట్ ఎంత?

కావలిప్యాసింజర్: ఒకాయన పుస్తకం ఎగ్గొట్టినందుకు మా అందరి మీద పడ్డారన్నమాట.

పెన్నాగట్టు: ఎగ్గొడితే ఎగ్గొట్టాడు. ఎలా ఉందని అడిగితే "చాలా బాగుంది" అన్నాడు. 42 పేజీలకు బాగుందేమిటి? చదవలేకపోయాను అంటే సరిపోయేది.

ఒంగోలుకుర్రాడు: నేనూ 42 పేజీలకే బాగుందంటాను. బాగోలేదనీ అంటాను. నా డబ్బులు, నా పుస్తకం. రాసినాయనకు నేనేమీ బాకీ లేను.

పెన్నాగట్టు: బాకీయే. మొదలుపెట్టడమంటే మాట ఇవ్వడం. ఇన్ని పోస్టులకు ఇప్పటికి తేలింది మనకు ఎక్కడ పడదో.

గూడూరునిమ్మ: నాకు ఆ బాకీలు 19 ఉన్నాయి. వడ్డీ అడగొద్దు.

కావలిప్యాసింజర్: మాస్టారూ, టీ సంగతి చెప్పలేదు.

పెన్నాగట్టు: మా ఆవిడే పెడుతుంది, నాలుగింటికి. పాత వారపత్రికల్లోంచి సీరియళ్లు చింపి బైండు చేయించుకుంది. అవి చదువుతూ మధ్యలో లేస్తుంది.

కావలిప్యాసింజర్: అప్పట్లో అవి వారం వారం వచ్చేవి కదా. ఒక్కో వారం ఎన్ని సీరియళ్లు చదివేవారో ఆమెను అడగండి.

పెన్నాగట్టు: అడిగాను. మూడట. మూడింటి కథా పేర్లతో సహా అప్పజెప్పింది, టీ చల్లారిపోయింది. అయినా సీరియల్ పుస్తకం కిందికి రాదు.