అమ్మేవాళ్లు ఎక్కువైతే ధర దిగుతుందా?

నీలిసిరా: పోటీ ఉంటే ధర దానంతటదే దిగుతుందని అందరూ అంటారు. 1971లో ఆర్థికవేత్త పీటర్ డైమండ్ రాసిన పరిశోధనా పత్రం దీన్ని ఒప్పుకోదు. ఒకే సరుకును ఎంతమంది అమ్మినా సరే, ఇంకోచోట ధర కనుక్కోవడానికి కాస్త ఖర్చో శ్రమో ఉంటే చాలు, ధర గుత్తాధిపత్య స్థాయికి, అంటే అమ్మేవాడు ఒక్కడే ఉంటే పెట్టే ధరకి, పోతుందని ఆయన చూపించారు. అందరి ధరా ఒకటే అనుకోండి. ఒకడు ఆ తిరుగుడు ఖర్చుకన్నా కాస్త తక్కువ పెంచితే కొనేవాడు కదలడు. మిగతావాళ్లూ పెంచుతారు. మళ్లీ అదే వరస.

తూనికరాయి: 1883లో ఫ్రెంచ్ గణితవేత్త బెర్ట్రాండ్ చెప్పిందో? ఒకే సరుకు, ఒకే తయారీ ఖర్చు అయితే అమ్మేవాళ్లు ఇద్దరు చాలు, పోటాపోటీగా ధర తగ్గించి ఆ తయారీ ఖర్చు దాకా దిగుతారు. ఇప్పుడు ఫోన్‌లో ధరలు చూడటానికి నిమిషం పట్టదు.

నీలిసిరా: బెర్ట్రాండ్ లెక్కలో ధరలన్నీ అందరికీ ముందే తెలుసు. డైమండ్ లెక్కలో వెళ్తేగానీ తెలియదు. ఆ తిరుగుడు ఖర్చు ఎంత చిన్నదైనా ఫలితం అదే.

చిరుగాలి: ఏ రెండు సరుకులూ ఒకటి కావు కదండీ.

తూనికరాయి: నిమిషం పనిని ఖర్చు అంటే ఎలా?

నీలిసిరా: నిమిషమా? మా నాన్నగారు పదకొండేళ్లు ఒకే కంపెనీలో బండి ఇన్సూరెన్స్ కట్టారు. ఏటా పెంచారు. ఆయన పోయాక నేను కొత్త కస్టమర్‌లా అడిగితే అదే బండికి చాలా తక్కువ చెప్పారు.

తూనికరాయి: ఒక్క ఇంటి కథ రుజువు కాదు. అడక్కపోవడం ఆయన పొరపాటు.

నీలిసిరా: నమ్మడం పొరపాటా? మా నాన్న గురించి మాట జాగ్రత్త!

వెన్నెల: ఇద్దరూ కాస్త ఆగండి.

తూనికరాయి: పెద్దాయన్ని అన్నందుకు క్షమించండి. నా భయం వేరు. బ్రిటన్‌లో 2022 జనవరి నుంచి ఇల్లు, వాహన బీమా రెన్యువల్‌కి కొత్త కస్టమర్ ధరకన్నా ఎక్కువ అడగకూడదు. దానికోసం కంపెనీలు పాతవాళ్లకి తగ్గించవచ్చు, కొత్తవాళ్లకి పెంచనూవచ్చు. నేను చిన్న వ్యాపారిని. అలాంటి రూల్ నాకూ పెడితే మొదటిసారి తగ్గించి ఇవ్వడం కష్టం, ఇవ్వకపోతే నా దగ్గరికి ఎవరొస్తారు?

నీలిసిరా: అయితే మన గొడవ డైమండ్ గురించి కాదు. వెతకనివాడి డబ్బుతో వెతికేవాడికి డిస్కౌంట్ ఇవ్వడం మీకు ఒప్పు, నాకు తప్పు.

తూనికరాయి: ఒప్పు అనలేదు. ధరలన్నీ ఒకేచోట చూపించమనండి, నేను సిద్ధం. తగ్గించే దారి మాత్రం మూయకండి.

నీలిసిరా: చూపించినా మా నాన్న చూసేవారు కాదండీ. నేను అడిగేది ఆయనలాంటివాళ్ల కోసమే.