కొత్త దేశం, కొత్త ఊరు: గది, క్లాసు తప్ప ఇంకేం తెలియట్లేదు, మీరు ఎలా మొదలుపెట్టారు?

కొత్తగా_వచ్చా:
మాస్టర్స్ కోసం వచ్చి మూడు వారాలైంది. నాకు తెలిసిన దారి ఒక్కటే, గది నుంచి క్లాసుకి, మళ్ళీ క్లాసు నుంచి గదికి. ఇంకెక్కడికి వెళ్ళాలన్నా ఫోన్‌లో నీలం చుక్క వెనకాలే నడుస్తాను, చేరాక ఏ వైపు నుంచి వచ్చావంటే చెప్పలేను. మొన్న శనివారం దారిలో ఛార్జింగ్ అయిపోయింది, అప్పటికే చీకటి పడింది, స్టాప్‌లో దాదాపు గంట నిలబడ్డాను, నేను ఎక్కాల్సిన నంబరు బస్సులు వస్తున్నాయి గానీ గది వైపు వెళ్ళేవన్నీ రోడ్డుకి అవతలి వైపే ఆగుతున్నాయి. ఇక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి నేను నిలబడింది వెళ్ళే వైపు స్టాప్‌లో అని చాలాసేపటికి గానీ వెలగలేదు. అప్పటి నుంచి బయటికి వెళ్ళాలంటేనే టెన్షన్. ఈ ఊరు నిజంగా నాకు తెలియాలి, రెండేళ్ళు ఇక్కడే ఉండాలి. ఎక్కడ మొదలుపెట్టను?

నడక_రాయుడు:
మొదటి సెమిస్టర్ అంతా నాదీ ఇదే పరిస్థితి. ఎక్కడికైనా మెట్రోలోనే వెళ్ళేవాడిని, అందుకని ఊరంటే నాకు స్టేషన్ల పేర్లే, దేని పక్కన ఏముందో తెలిసేది కాదు. ఒకరోజు లైను ఆగిపోయి నడవాల్సి వస్తే తెలిసింది, రెండు రైళ్ళు మారి వెళ్ళే లైబ్రరీ నా గదికి పన్నెండు నిమిషాల నడక అని! మెట్రో మ్యాపులో దూరాలు నిజమైనవి కావు, సులువుగా చదువుకోవడానికి గీతలు తిన్నగా గీస్తారు. ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1931లో హ్యారీ బెక్ లండన్ కోసం గీసిన మ్యాపు, ఇప్పుడు చాలా నగరాలవి అలాగే ఉంటాయి. లండన్‌లోనే లెస్టర్ స్క్వేర్ స్టేషన్ నుంచి పక్క స్టేషన్ కోవెంట్ గార్డెన్‌కి 300 మీటర్లు కూడా ఉండదు, అయినా తెలియక రైలెక్కేవాళ్ళున్నారు.

నేను చేసింది చెప్తాను. రోజూ దిగే స్టాప్‌కి ఒకటి ముందే దిగి మిగతాది నడవడం. వారానికోసారి, పగటిపూట, ఏదో ఒక బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని చివరి స్టాప్ దాకా వెళ్ళి అదే బస్సులో తిరిగి రావడం. ఫోన్ జేబులోనే. నది ఎటు, రైలు పట్టాలు ఎటు, ఎత్తైన కట్టడం ఏది, ఈ మూడూ గుర్తుంటే దిక్కు తప్పవు. నెలలో అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి.

టికెట్_జాగ్రత్త:
పై మాటలన్నీ నిజమే గానీ ముందు మీ ఊరి టికెట్ పద్ధతి కూర్చుని చదవండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. లండన్ బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోరు, ఎక్కేటప్పుడు కార్డు తాకిస్తే చాలు, ట్యూబ్‌లో (అక్కడి మెట్రో) మాత్రం బయటికొచ్చేటప్పుడు కూడా తాకించాలి, అదీ అదే కార్డు. లోపలికి కార్డుతో, బయటికి ఫోన్‌తో తాకిస్తే, రెండిటి వెనకా ఉన్నది ఒకే ఖాతా అయినా, అసంపూర్తి ప్రయాణాలు రెండుగా లెక్కేసి ఎక్కువ డబ్బు తీసుకుంటారు. జర్మనీలో మెట్రో స్టేషన్లలో గేట్లు ఉండవు, కొన్ని రకాల కాగితపు టికెట్లకు ఎక్కేముందు మెషిన్‌లో ముద్ర వేసుకోవాలి, టికెట్ కొన్నా ముద్ర లేకపోతే తనిఖీలో జరిమానా. మెల్‌బోర్న్ నడిబొడ్డున ఉచిత ట్రామ్ జోన్ ఉంది, అది దాటితే కార్డు తాకించాలి. విద్యార్థి రాయితీ దానంతటదే రాదు, చాలాచోట్ల విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ పని ఈ వారమే చేసేయండి.

సాయంత్రం_క్లాసులు:
చెల్లీ అనాలో తమ్ముడూ అనాలో తెలియదు గానీ, ఆ గంటసేపు ఎలా నిలబడ్డావో నాకు బాగా అర్థమవుతుంది. చీకటి భయం ఉన్నప్పుడు ధైర్యం తెచ్చుకో అంటే రాదు, ఏర్పాట్లు చేసుకుంటే వస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఊరి మ్యాపు డౌన్‌లోడ్ చేసుకో, నెట్ లేకపోయినా నువ్వెక్కడున్నావో చూపిస్తుంది. అయితే బస్సులు, రైళ్ళ వివరాలు మాత్రం ఆఫ్‌లైన్‌లో రావు, అందుకే గదికి వచ్చే బస్సు నంబరు, దిగే స్టాప్ పేరు, ఆఖరి బస్సు టైము చీటీ మీద రాసి పర్సులో పెట్టుకో. నేనిప్పటికీ పెట్టుకుంటాను. రాత్రి వేరే నంబర్లతో వేరే దారిలో బస్సులు నడిపే నగరాలున్నాయి, అది కూడా చూసుకో. చాలా యూనివర్సిటీల్లో రాత్రిపూట తోడు వచ్చే సెక్యూరిటీ వాళ్ళుంటారు, అడగడానికి మొహమాటపడకు. అత్యవసర నంబరు నోటికి రావాలి, యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో 112.

కొత్తగా_వచ్చా:
చెల్లినే అక్కా 🙂 చీటీ ఇప్పుడే రాసేశాను. రేపు పొద్దున మా వీధి చివర ఆగే బస్సెక్కి ఆఖరి స్టాప్ దాకా వెళ్తాను, కాకపోతే ఒక్కదాన్నే వెళ్ళాలా, క్లాస్‌మేట్‌ని రమ్మననా?

నడక_రాయుడు:
మొదటిసారి ఇద్దరూ వెళ్ళండి, రెండోసారి ఒక్కరే. ఇద్దరుంటే కబుర్లలో పడి కిటికీలోంచి చూడం. వెళ్ళొచ్చాక ఏమేం కనిపించాయో ఇక్కడ రాయండి.